అద్దం లేకుండా కట్టించండి, కానీ అసలు ఫోటోని బోర్డుకి అతికించనివ్వకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

సంక్రాంతి, వేసవి సెలవులు వచ్చాయంటే చాలు మీ జిల్లా పేజీలో రోజుకో పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం వార్త వస్తుంది కదండీ, ఆ ఫోటోల్లో నా కళ్లు ముందు పోయేది మధ్యలో హెడ్మాస్టారి చేతుల్లో ఉన్న పెద్ద బోర్డు మీదకే. ఆ బ్యాచ్ వాళ్ల పదో తరగతి గ్రూప్ ఫోటోని అద్దం లేకుండా లామినేషన్ చేయించి స్కూలుకి బహుమతిగా ఇస్తారు చూడండి, అదే. మంచి పని, ఎవరూ కాదనరు. కాకపోతే నేను కాకినాడలో ఫోటో ఫ్రేముల షాపు నడుపుతున్నా, మా నాన్నగారి కాలం నుంచి మాకు ఇదే పని, అందుకని నాకు వెంటనే వచ్చే డౌట్ ఏంటంటే ఆ బోర్డు మీద ఉన్నది కాపీనా, లేక స్కూల్లో ఉన్న ఒకే ఒక్క అసలు ఫోటోనే తీసుకెళ్లి అతికించేశారా అని. ఈ మధ్య రెండోదే ఎక్కువ చూస్తున్నానండి, అందుకే ఈ ఉత్తరం.

ముందే చెప్తున్నా, అద్దం తీసేయడం తప్పని నేను అనట్లేదు. పెద్ద ఫోటోకి అద్దం నిజంగా ఇబ్బందే. 30×40 అంగుళాల ఫోటోకి 3 మిల్లీమీటర్ల అద్దం వేస్తే అద్దం ఒక్కటే దాదాపు 6 కేజీలు, దానికి ఫ్రేము, వెనక ప్లైవుడ్ కలిస్తే ఒక్క మేకు మీద వేలాడదీసే బరువు కాదది. ఆటోలో తీసుకెళ్తుంటే పగిలే భయం ఒకటి, హాల్లో కిటికీకి ఎదురుగా పెడితే తాతగారి మొహం బదులు ట్యూబ్‌లైటూ ఫ్యానూ కనపడటం ఒకటి. అన్నిటికంటే పెద్ద సమస్య మా కోస్తా వాళ్లకి బాగా తెలుసు, అదే చెమ్మ. పాత ఫోటో పైపొర జెలటిన్, అది తేమ పీల్చుకుంటే మెత్తబడి జిగురవుతుంది. పాత పటాల్లో మధ్యలో ఎడం ఉంచే అట్ట, అదే మౌంట్ బోర్డు, లేకుండా ఫోటోని నేరుగా అద్దానికి ఆనించి బిగించేవాళ్లు, నాలుగు వర్షాకాలాలు పోయేసరికి అక్కడక్కడ తడి మరకల్లాగా కనపడతాయి, అవి తడి కాదు, ఫోటో అద్దానికి అతుక్కుపోయిన చోట్లు. లాగితే బొమ్మ అద్దంతోపాటే వచ్చేస్తుంది.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు ఎన్ని ఇళ్లల్లో పటాలు నీళ్లలో ఉండిపోయి ఉంటాయో ఆలోచించండి. సందర్భం వచ్చింది కాబట్టి ఇది చెప్పేస్తా, పాత స్టూడియో ఫోటో తడిసి అద్దానికి అంటుకుంటే ఎండలో పెట్టి ఆరబెట్టకండి, ఇంకా తడిగా ఉండగానే ఫ్రేములోంచి అద్దమూ ఫోటో కలిపి అలాగే బయటికి తీసి, మంచి నీళ్లు సన్నధారగా ఆ రెంటి మధ్యలోకి పోస్తూ మెల్లగా విడదీయాలి. అప్పటికే ఆరిపోయి అతుక్కున్నదైతే అసలు ముట్టుకోకుండా అద్దం మీదనుంచే ఫోటో తీయించుకోవడం మేలు. ఇప్పటి ఇంక్‌జెట్ ప్రింట్లకి మాత్రం ఈ నీళ్ల పద్ధతి పనికిరాదు, చాలావాటికి రంగు కారిపోతుంది.

కాబట్టి అద్దం పోయి లామినేషన్ రావడం మంచిదే. కానీ లామినేషన్ అంటే షాపులో ఏం చేస్తారో జనానికి తెలియాలి. ఎండీఎఫ్ అనే చెక్క నార బోర్డుకి గమ్ము రాసి, లేదా రెండువైపులా జిగురుండే షీట్ వేసి, ఫోటోని అతికిస్తారు. పైన మ్యాట్ అనో వెల్వెట్ అనో కాన్వాస్ అనో ఒక ప్లాస్టిక్ ఫిల్ము పెట్టి రోలర్ల మధ్య నొక్కుతారు, తర్వాత అంచులు కోసి నునుపు చేసి నల్ల రంగో గోధుమ రంగో వేస్తారు. అంతే, ఇక ఆ ఫోటోకి ముందు ఫిల్ము, వెనక బోర్డు, రెండూ జీవితాంతం. ఫిల్ము పీకితే పైపొర పోతుంది, బోర్డు నుంచి లాగితే కాగితమే రెండుగా చీలిపోతుంది. అద్దం పటంలో వెనక మేకులు తీస్తే ఫోటో బయటికి వచ్చేది, తిరగేసి చూసుకునేవాళ్లం, ఇందులో ఆ దారే లేదు. కొత్తగా వేయించిన ప్రింటుకి ఇలా చేస్తే ఏ బాధా లేదండి, పాడైతే మళ్లీ ప్రింట్ వేస్తాం. అదే 1975లోదో 1982లోదో గ్రూప్ ఫోటోకి చేస్తే?

మొన్నామధ్య ఒక పల్లెటూరి హైస్కూల్ బ్యాచ్ వాళ్లు ఇంకెక్కడో చేయించిన బోర్డు నా దగ్గరికి తెచ్చారు, అడుగు భాగం ఉబ్బింది సరిచేయండి అని. చూస్తే అసలు ఫోటోనే. ఆ రోజుల్లో గ్రూప్ ఫోటో అంటే మందపాటి అట్ట మీద అతికించి, పైన స్కూలు పేరు, సంవత్సరం, కింద సిటింగ్ ఎల్ టు ఆర్ అని మాస్టార్ల పేర్లు, స్టాండింగ్ ఫస్ట్ రో, సెకండ్ రో అని పిల్లల పేర్లు స్టూడియోలో ముచ్చటైన చేతిరాతతో రాసేవాళ్లు, అట్ట వెనక స్టూడియో ముద్ర ఉండేది. ఈ బోర్డు సైజుకి సరిపోవట్లేదని పైన స్కూలు పేరు కోసేశారు, కింద పేర్లన్నీ కోసేశారు, సిటింగ్ అన్న ఒక్క మాట పై సగం మాత్రం అంచున మిగిలింది. వెనక ఏముందో ఇక ఎవరికీ తెలీదు, ఎండీఎఫ్‌కి అంటుకుపోయింది. తెచ్చినాయన వేలు పెట్టి చూపిస్తూ ఈయన సైన్సు మాస్టారు, ఈయన డ్రిల్లు మాస్టారు, ఈ చివరాయన పేరు గుర్తు రావట్లేదండి అన్నాడు. ఆ పేరు ఆ కోసేసిన ముక్కలో ఉందండి. దాన్ని నేనే కాదు, ఇంకెవరూ బాగుచేయలేరు.

పాతకాలంలో కూడా అతికించేవాళ్లు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే. నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్‌గా చేసిన రాజా దీన్‌దయాళ్, ఆయన 1905లో పోయారు, సికింద్రాబాద్‌లో ఆయన స్టూడియో ఉండేది, ఆ కాలం ఆల్బుమిన్ ప్రింట్లు, అంటే గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసినవి, దాదాపు అన్నీ అట్టల మీద అతికించినవే. ఎందుకంటే ఆ కాగితం మరీ పల్చన, అట్ట లేకపోతే చుట్టుకుపోతుంది. కానీ అది ఫోటో తయారైనప్పుడే ఫోటోగ్రాఫర్ చేసిన పని, అట్ట మీద స్టూడియో పేరుతో సహా ఆ అట్ట కూడా ఫోటోలో భాగమే. పైన ప్లాస్టిక్ ఫిల్ము లేదు, అట్ట మీద పేర్లు కోసెయ్యలేదు. యాభై ఏళ్ల తర్వాత మనం దాన్ని తెచ్చి ఎండీఎఫ్‌కి అంటించడం వేరు. ఎండీఎఫ్ అంటే రంపపు పొట్టు లాంటి నారని రెజిన్ జిగురుతో నొక్కి చేసిన బోర్డు, దాంట్లోంచి ఫార్మాల్డిహైడ్ లాంటి ఆవిర్లు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి, పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలోని వెండికి అవి మంచివి కావు. ఇక ఇంట్లోనే మైదా పిండి ఉడికించి అంటించేవాళ్లకి ఒక దణ్ణం, ఆ జిగురు అంటే పురుగులకి పండగే, పురుగు పట్టకుండా అని అందులో మైలుతుత్తం కలిపితే ఇంకా నాశనం.

మరి చేయాల్సింది ఏంటంటే చాలా సింపుల్. అసలు ఫోటోని ముందు స్కాన్ చేయించాలి, ఆ స్కాన్ నుంచి ప్రింట్ వేయించి, ఆ ప్రింట్‌ని ఎంత పెద్ద బోర్డు మీదైనా అతికించుకోండి. 8×10 అంగుళాల ఫోటోని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే 4800×6000 పిక్సెల్స్ వస్తుంది, దాన్ని 24×30 అంగుళాలకి పెంచినా అంగుళానికి 200 పిక్సెల్స్ మిగులుతాయి, గోడ మీద చూడ్డానికి అది చక్కగా సరిపోతుంది. అట్టతో కలిపి స్కానర్‌లో పట్టకపోతే అట్ట కోయొద్దు, కెమెరా స్టాండ్ మీద పెట్టి రెండు పక్కలనుంచి ఏటవాలుగా సమానంగా లైటు వేసి తీస్తే సరిపోతుంది. పేర్లతో సహా మొత్తం అట్ట తీయాలి, వెనక వైపు కూడా తీయాలి. ఇంకో మాట, మొహాలు చిన్నగా ఉన్నాయని ఫోన్లో ఎన్‌హాన్స్ యాప్‌లో వేసి తెస్తున్నారు ఈ మధ్య, అది మొహం బాగుచేయదండి, తనకి తోచిన కళ్లూ ముక్కూ కొత్తగా గీస్తుంది. మసగ్గా ఉన్నా మన సైన్సు మాస్టారు మన సైన్సు మాస్టారే, నున్నగా చేసి ఇంకెవరి మొహమో తెచ్చి గోడకి పెట్టుకోవడం నాకైతే అస్సలు నచ్చదు.

కాపీ చేతికి వచ్చాక బోర్డు సంగతి. 12 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ మీద 30×40 చేయిస్తే అది కూడా దాదాపు 7 కేజీలు ఉంటుంది, బరువు తగ్గుతుందని అద్దం మానేసినవాళ్లకి ఇది ఎవరూ చెప్పరు. పైగా చెమ్మ గోడకి ఆనితే కింది అంచునుంచి నీరు పీల్చి ఉబ్బుతుంది, ఫిల్ము అక్కడ లేస్తుంది. సన్‌బోర్డ్ అనే ప్లాస్టిక్ ఫోమ్ షీట్ చాలా తేలిక, నీళ్లకి ఏమీ కాదు, కానీ ఎండ తగిలే గోడ మీద వంగిపోతుంది, పెద్ద సైజుకి నేను ఇవ్వను. నన్నడిగితే పెద్ద ఫోటోకి 3 మిల్లీమీటర్ల ఏసీపీ షీట్, అదే షాపుల ముందు బోర్డులకి వాడే, రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే షీట్, మంచిది, ఉబ్బదు, చెద పట్టదు, అదే సైజుకి దాదాపు 3 కేజీలే ఉంటుంది. వెనక అల్యూమినియం చానలో చెక్క పట్టీలో వేస్తే గోడకి కాస్త ఎడంగా నిలబడుతుంది, గాలి ఆడుతుంది. ఏ బోర్డైనా సరే వెనక నాలుగు మూలలా రబ్బరు బుడిపెలు పెట్టించుకోండి, రెండు హుక్కుల మీద వేలాడదీయండి. కాన్వాస్ కావాలంటే చెక్క ఫ్రేమ్‌కి లాగి వెనక పిన్నులు కొడతారు, చుట్టూ అంగుళంన్నర పైన బొమ్మ పక్కకి మడత పోతుంది కాబట్టి చివర నిలబడ్డవాళ్లు సగం మొహంతో మిగలకుండా ముందే చూసుకోవాలి, గ్రూప్ ఫోటోకి అందుకే కాన్వాస్ వద్దంటాను. ఇంక్‌జెట్ ప్రింట్ అయితే వేసిన రోజే ఫిల్ము వేయమని షాపు వాళ్లని తొందరపెట్టకండి, కనీసం ఒక రోజు ఆరనివ్వండి, లేకపోతే లోపల చిక్కుకున్న తేమ తర్వాత బుడగలై లేస్తుంది.

ఇళ్లల్లో పెద్దవాళ్ల ఫోటోల విషయంలో ఇంకొకటి ఉందండి, ఇది ఎవరూ పట్టించుకోరు. మనకి బొట్టు పెట్టడం అలవాటు. అద్దం ఉన్నప్పుడు గంధం, కుంకుమ అద్దం మీద పడేవి, తడిగుడ్డతో తుడిస్తే పోయేవి. అద్దం లేని ఫోటో మీద అదే చేస్తే కుంకుమ రంగు ఫిల్ములోకి దిగి అమ్మమ్మ నుదుటి మీద ఎర్ర మరకగా ఉండిపోతుంది, ఆ తర్వాత ఎంత తుడిచినా చుట్టుపక్కలకి పాకడమే. తడి పూలదండ నీళ్లు కిందికి కారి అంచులోకి దిగుతాయి, దీపం మసి, అగరొత్తి పొగ మ్యాట్ ఫిల్ము గరుకులో కూర్చుంటాయి. బొట్టు మానెయ్యమని నేను చెప్పను, అది మన ఇళ్లల్లో ఉండాల్సిందే. ఫోటో చుట్టూ చెక్క ఫ్రేము వేయించుకుని ఆ ఫ్రేము పైభాగం మీద బొట్టు పెట్టుకోండి, పూలదండ బదులు గంధపు దండ వేయండి, దీపం ఒక మూర దూరంలో పెట్టండి. మొహం మీదే పెట్టాలి అనే పట్టింపు ఉన్నవాళ్లకి అద్దం బదులు యాక్రిలిక్ షీట్ వేసి, ఫోటోకి తగలకుండా మధ్యలో సన్న పట్టీ పెట్టి కడతాం, అది అద్దంలో సగం బరువే. గీతలు తొందరగా పడతాయి కాబట్టి మెత్తటి గుడ్డే వాడాలి. వట్టి లామినేషన్ ఫోటోని పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు, అద్దాలు తుడిచే స్ప్రేలు కొట్టకండి.

మళ్లీ స్కూళ్ల దగ్గరికే వస్తా. ఊరి హైస్కూలు గోడ మీద, గ్రంథాలయంలో, పంచాయతీ ఆఫీసులో ఉన్న పాత ఫోటోలకి ఇంకో కాపీ ఎక్కడా ఉండకపోవచ్చు, చాలా స్టూడియోలు ఎప్పుడో మూతపడ్డాయి, వాటి నెగెటివ్‌లు ఏమయ్యాయో తెలీదు. అందుకని జిల్లా విద్యాశాఖ అధికారులు హెడ్మాస్టర్లకి ఒక సర్క్యులర్ ఇవ్వాలని మీ పేపర్ ద్వారా కోరుతున్నా, స్కూలు ఫోటో ఏదైనా బయటికి ఇచ్చేముందు ముందూ వెనకా స్కాన్ తీయించి ఆ తర్వాతే ఇవ్వాలని, తిరిగొచ్చిన అసలు ఫోటోని కవర్లో పెట్టి బీరువాలో ఉంచాలని. పూర్వ విద్యార్థులూ ఆ స్కాన్ ఫైల్‌ని వాట్సాప్ గ్రూపులో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపుకోండి, ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది. ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి సమ్మేళనం రోజునే కూర్చుని పేర్లు రాసి పెట్టుకోండి. షాపులో ఇచ్చేటప్పుడు బిల్లు మీద ఒరిజినల్ కోయరాదు, అతికించరాదు, వాపసు ఇవ్వాలి అని రాయించుకుని షాపు వాళ్ల సంతకం తీసుకోండి, పని తెలిసినవాడెవడూ దానికి ఏమీ అనుకోడు.

ఇట్లు
ఒక ఫోటో ఫ్రేముల షాపు యజమాని, కాకినాడ