పది రోజుల్లో కలంకారీ రాదు

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో సన్మానం అంటే శాలువాతో పాటు కాళహస్తి కలంకారీ పటం చేతిలో పెట్టడం రివాజైంది. మంచిదే. కానీ చిత్రకారుడికి కబురు వెళ్లేది సభకు వారం, పది రోజుల ముందు. ఆ గడువులో సహజ రంగులతో పని తెమలదు.

ముందు గాడా గుడ్డకు, అంటే ముతక నూలు గుడ్డకు, ఉన్న గంజి వదలాలి. పేడ నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఉతికి ఆరేస్తారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి, పిండి, ఎండబెడతారు. పాలు పలచనైతే కలం గీత నిలవదు, ఈకలు ఈకలుగా పాకుతుంది. కరక్కాయ వగరు చాలకపోతే నలుపు తేలదు. నల్ల గీతకు వాడే కసిం అనే ద్రవం కుండలో ఉన్నప్పుడు నల్లగా ఉండదు మరి, గుడ్డలోని కరక్కాయ తగిలాకే నల్లబడుతుంది. ఆ కసిం కోసమే తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి రెండు మూడు వారాలు పులియబెట్టాలి. తొందరపడి తీస్తే గీత వెలవెలబోతుంది. మరీ ఘాటైతే, ఏళ్లు గడిచాక గీత వెంబడే గుడ్డ చిరుగుతుంది.

ఎరుపు ఇంకా మొండిది. ఎర్రగా రావలసిన చోటల్లా పటిక నీళ్లు పూసి, బాగా ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించి, మంజిష్ఠ వేరుతో ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది. నిలవ నీళ్లలో జాడిస్తే వదిలిన పటిక పక్కలకు అంటుకుని, తెల్లగా ఉండాల్సిన చోటు కూడా గులాబీ రంగుకు తిరుగుతుంది. కాళహస్తి పక్కనున్న స్వర్ణముఖి నదిలో నీళ్లు పారే రోజులెన్నో మనకు తెలియనివి కావు! ఆపైన మళ్లీ పాలు, కరక్కాయ పువ్వుతో పసుపు, చివర నీలిమందు. మధ్య మధ్య ఉతకడం, ఎండబెట్టడం. ముసురు పడితే అన్నీ ఆగుతాయి.

కాళహస్తి కలం పట్టిన జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. బిరుదు దగ్గర లేని పిసినారితనం గడువు దగ్గర ఎందుకో!

సభలు పెట్టేవాళ్లు కనీసం రెండు నెలల ముందు చెప్పాలి. లేదంటే సిద్ధంగా ఉన్న పటాల్లోంచి ఏరుకోవాలి. అదీ కుదరకపోతే, రసాయన రంగులతో వేసిన పటానికి ‘సహజ రంగులు’ అని చీటీ అంటించమని మాత్రం చిత్రకారుణ్ణి అడగొద్దు.

– ఒక పాఠకుడు, తిరుపతి