నోరు మూసుకోవడమే కష్టంగా ఉంది

అన్నయ్యా,

రైతుల శిక్షణకి స్లైడ్లు తయారు చేస్తున్నానన్నావు కదా, కాస్త ఆగు, ముందు ఇది చదువు.

ఇక్కడ ఇండోనేషియాలో, జావా దీవిలో మా పని వారానికోసారి, పొద్దున్నే, పాతికమంది రైతులతో, వరి మడిలోనే. మన దగ్గర పొలంబడి అంటారే, అదే. అసలది మొదలైందే ఈ దేశంలో, 1989లో. అంతకుముందు మందు కొట్టేకొద్దీ వరి రసం పీల్చే సుడిదోమ ఇంకా పెరిగేదట, దాన్ని తినే సాలీళ్లు ముందే చచ్చేవి మరి. 1986లో ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందులు వాడొద్దంది. వాడొద్దంటే రైతు ఊరుకుంటాడా, తన కళ్లతో చూస్తే తప్ప నమ్మడు కదా!

పోయిన నెల నా పరువు పోయింది. ఒక పెద్దాయన దుబ్బు మొదట్లోంచి సాలీడుని పట్టి నా ముఖం ముందు పెట్టి "అపా ఇని?" అన్నాడు, ఇదేంటి అని. తెలిసిన ప్రశ్న వచ్చిందన్న సంబరంలో దాని పేరు, తిండి, గుడ్లు, అన్నీ గడగడా చెప్పేశా. ఆయన తలూపి దాన్ని వదిలేశాడు. మిగతావాళ్లు గట్టెక్కి లవంగం సిగరెట్లు వెలిగించారు. అయిపోయింది క్లాసు.

పోయినవారం ఆయనే మళ్లీ అడిగాడు, ఇంకో రకం. నాలుక కరుచుకుని "ఎక్కడ దొరికింది? అక్కడేం చేస్తోంది?" అన్నా. దాన్నీ, నాలుగు సుడిదోమల్నీ సీసాలో వేసి ఇంటికి పట్టుకెళ్లాడు. రాత్రి రెండుసార్లు లేచి టార్చి వేసి చూశాడట! నిన్న ఆ కథంతా ఆయనే చెప్పాడు, నన్ను పక్కకి జరగమని మరీ.

తర్వాత చార్టు మీద రంగు పెన్సిళ్లతో మొక్కని గీసి, ఒకవైపు మిత్ర పురుగులు, ఇంకోవైపు శత్రు పురుగులు వేసి, మందు కొట్టాలా వద్దా అని వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. ఒకాయన సాలీడుకి పది కాళ్లు గీస్తే పక్కనున్నావిడ మడిలో దిగి ఒకదాన్ని పట్టుకొచ్చి లెక్కపెట్టించింది, ఎనిమిదే.

అన్నీ ఇలా కుదరవులే. వైరస్ తెగుళ్లుంటాయి, సీసాలో పెడితే కనపడవు, అక్కడ నేనే చెప్పాలి. అందుకే స్లైడ్లు మొత్తం తీసేయమనను. నాలుగు ఉంచుకో, మిగతా టైముకి ఖాళీ సీసాలు పట్టుకెళ్లు. మూతికి కట్టడానికి పల్చటి గుడ్డ, రబ్బరు బ్యాండ్లు మర్చిపోకు, మొదటిసారి నేను మర్చిపోయా, దోమలన్నీ ఎగిరిపోయాయి.

నీ తమ్ముడు