ద్రాక్షను తేగానే కడిగి దాచొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

ద్రాక్షను ఇంటికి తేగానే ఉప్పునీళ్లలో కడిగి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలని మొన్నటి మీ ఆదివారం అనుబంధంలో రాశారు. హనుమకొండలో పండ్ల దుకాణం నడుపుకునేవాణ్ణి కాబట్టి ఈ మాట చదివి ఊరుకోలేకపోయాను. మందులు కొట్టిన పంట, కడగాల్సిందే. కానీ తినబోయే ముందు, తినేంతవరకే కడగాలి. తడితో మూతపెడితే బూజుకు మనమే చోటిచ్చినట్టు. ద్రాక్షకు పట్టే బూడిదరంగు బూజు ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది, కాస్త నెమ్మదిగా, అంతే. ఎగుమతి పెట్టెల్లో బూజు రాకుండా గంధకం వాయువు వదిలే కాగితం పరుస్తారు. మన ఇళ్లలో ఆ ఏర్పాటు ఉండదు కదా.

పండు మీద పల్చటి తెల్లపొడి చూసి "ఇదంతా మందేనా?" అని చాలామంది భయపడుతున్నారు. వేలితో రుద్దితే పోయే ఆ పూత పండుకు పుట్టుకతో వచ్చే మైనం. లోపలి నీరు ఆరిపోకుండా కాపాడేది అదే. మెరుపు కోసం బండ్ల మీద నీళ్లు చల్లే తమ్ముళ్లకూ నా మనవి ఇదే: ఆ తడి సాయంత్రానికి మీ సరుకునే తినేస్తుంది.

కొనేటప్పుడు అందరూ పండునే చూస్తారు. నేనైతే ముందు కాడ చూస్తాను. మహారాష్ట్రలోని సాంగ్లీ, సోలాపూర్ వైపు నుంచి వచ్చిన గుత్తికి కాడ పచ్చగా, వంచితే వంగేలా ఉంటే కోసి ఎక్కువ రోజులు కాలేదని అర్థం. గోధుమరంగుకు తిరిగి పుల్లలా విరిగితే పాతది. పాతదైనా పండు గట్టిగా ఉంటే తినొచ్చు, దాచడానికి మాత్రం పనికిరాదు. గుత్తి ఎత్తి మెల్లగా కదిపితే పండ్లు జలజలా రాలినా పాతదనే అర్థం. మామిడిలా ఇంట్లో మాగుతుందని పుల్లటి గుత్తి కొనకండి. కోశాక ద్రాక్షకు తీపి పెరగదు.

ఇంటికి తెచ్చాక చిట్లినవీ మెత్తబడినవీ ఏరేసి, మిగతా గుత్తిని కాడతోనే, గాలాడే సంచిలో ఫ్రిజ్‌లో పెట్టండి. ఉల్లిపాయల పక్కన వద్దు, ఆ వాసన పట్టేస్తుంది.

చెడిపోయిందని ఎలా తెలుస్తుందంటే, మొదట కాడ మొదలు దగ్గర పండు నీరుపట్టినట్టు గోధుమరంగుకు తిరుగుతుంది. నొక్కితే తొక్క జారిపోతుంది. రసం కారి పక్క పండ్లు జిగటగా అంటుకుంటాయి. కల్లులాంటి పులుపు వాసన వచ్చిందంటే ఇక ఆలోచించొద్దు, పారేయండి. దూదిలాంటి బూజు కనిపిస్తే ఆ పండుతో పాటు దాన్ని తాకిన పండ్లనూ తీసేయండి, గుత్తిలో అక్కడక్కడా పాకితే మొత్తం వదిలేయండి. కడిగి పిల్లలకు పెట్టొద్దు. కాస్త ముడుతపడ్డ పండు మాత్రం చెడినట్టు కాదు. నీరు తగ్గింది, అంతే.

ద్రాక్ష రేటు సామాన్యుడికి భారంగా ఉన్న రోజులివి. వచ్చే ఆదివారం సంచికలో ఆ ఒక్క సలహాను సవరించి వేయగలరని కోరుతున్నాను.

— ఒక పండ్ల వ్యాపారి, హనుమకొండ