వార్షిక నివేదిక 2024–25: కదలిక, ఆలోచన పరీక్షలపై మన సంఘం చేసిన పని

గౌరవనీయ సభ్యులకు, వారి కుటుంబీకులకు నమస్కారం. నెలవారీ సమావేశాలు, వ్యాయామ తరగతులు, ఏప్రిల్ 11న ప్రపంచ పార్కిన్సన్స్ దినం యథాప్రకారం జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతపరిచాం. కదలికలను మందగింపజేసి, ఒళ్లు బిగుసుకునేలా చేసే నరాల జబ్బయిన పార్కిన్సన్స్ వ్యాధి ఎంతవరకు వచ్చిందో తేల్చే పరీక్షల గురించి సభ్యులకు వివరించడానికే ఈ ఏడాది ఎక్కువ సమయం వెచ్చించాం కనుక నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

కదలికలకు న్యూరాలజిస్టులు ఎక్కువగా వాడేది 2008లో సవరించి ప్రచురించిన ఎండీఎస్-యూపీడీఆర్ఎస్ అనే, పార్కిన్సన్స్ తీవ్రతను మార్కుల్లో చెప్పే కొలమానం. దాని మూడో భాగంలో డాక్టరు రోగిచేత బొటనవేలిపై చూపుడువేలు తాటింపజేసి, పిడికిలి మూసి తెరిపించి, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేపి, వెనుక నిలబడి భుజాలు పట్టి లాగినప్పుడు నిలదొక్కుకుంటున్నారో లేదో చూసి, ప్రతి అంశానికీ 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తారు. ఇక్కడ మార్కులు పెరగడం మంచిది కాదు; ఈ భాగానికి గరిష్ఠం 132. వణుకే జబ్బు అనుకునే మనకు, అందులో వణుకు వాటా కొంతేనని, మందగమనం, బిగుతు, నడక కూడా లెక్కకు వస్తాయని తెలియడం అవసరం.

పార్కిన్సన్స్‌కు ముఖ్యంగా ఇచ్చే మందైన లెవోడోపా మాత్ర ప్రభావం తగ్గిన వేళ ఒక లెక్క, మాత్ర పనిచేస్తున్న వేళ మరో లెక్క వస్తుంది. మాత్ర ఎప్పుడు వేసుకున్నారో తెలియకుండా రెండు సందర్శనల మార్కులను పోల్చి జబ్బు ముదిరిందనో తగ్గిందనో అనుకోవడం సరికాదు. అందుకే మాత్ర వేసిన సమయం, ఒళ్లు తేలికపడిన సమయం, మళ్లీ బిగుసుకున్న సమయం రాసుకునే చిన్న పుస్తకాన్ని ముద్రించి పంచాం. ఈ ఏడాది పనుల్లో ఎక్కువ ఉపయోగపడింది ఇదేనని కార్యవర్గం అభిప్రాయం. పరీక్ష కోసమని డాక్టరు చెప్పకుండా మాత్ర ఎవరూ మానకూడదు.

ఫిజియోథెరపిస్టు సహకారంతో కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చునే పరీక్షను సభ్యులకు చూపించాం. అదే నడకను 100 నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెడుతూ చేయమన్నప్పుడు కొందరి అడుగులు పొట్టివయ్యాయి, మలుపు దగ్గర కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగాయి. నడకకు కూడా ధ్యాస కావాలని కుటుంబీకులు కళ్లారా చూశారు. రోడ్డు దాటేటప్పుడు పెద్దవారిని మాటల్లోకి దింపవద్దని మా విన్నపం.

ఆలోచనా శక్తికి 2005లో వచ్చిన మోకా (మాంట్రియల్ కాగ్నిటివ్ అసెస్‌మెంట్) పరీక్షను పరిచయం చేశాం. 30 మార్కులకు 26, ఆపైన వస్తే సాధారణమంటారు. చదువు 12 ఏళ్లు, అంతకన్నా తక్కువైతే ఒక మార్కు కలుపుతారు. ఎన్నడూ కలం పట్టని వారిచేత ఘనం (చదరపు పెట్టె) బొమ్మ గీయించి, పోయిన మార్కులను జబ్బు ఖాతాలో వేయడం మాత్రం మాకు సబబుగా తోచదు. ఇవాళ ఏ తేదీ అంటే తడబడే అమ్మమ్మ తిథి అడిగితే తడుముకోకుండా చెప్పవచ్చు. చదువు తక్కువైనవారి కోసం వేరే రూపం ఉంది, అడగడానికి మొహమాటపడవద్దు. నిద్రలేమి, దిగులు, వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ మాత్రలు కూడా మార్కులు తగ్గించగలవు కనుక ఒక్క పరీక్షతో మతిమరుపు జబ్బని నిర్ణయించుకోకూడదు.

"నాకేమైనా పిచ్చా?" అంటూ ఈ పరీక్షకు కూర్చోని పెద్దలు కొందరున్నారు. వారిని ఒప్పించడంలో, ఇదివరకే రాసిన సభ్యుల మాట మా మాటకన్నా బాగా పనిచేసింది. వచ్చే ఏడాది మాత్రల వేళలు రాసుకునే పుస్తకాన్ని పెద్ద అక్షరాలతో మళ్లీ ముద్రించాలని, చూపు మందగించిన వారి ఇళ్లకు వెళ్లి అందులో రాసిపెట్టే స్వచ్ఛంద కార్యకర్తలను చేర్చుకోవాలని కార్యవర్గం తీర్మానించింది. ఇష్టమున్నవారు వచ్చే నెలవారీ సమావేశంలో పేరు ఇవ్వగలరు.