చెన్నైలో ఉన్న మచ్చాకి

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఏం మచ్చా, బాగుండావా?

నీ మెసేజ్ చదివాను. అంత పొడుగు మెసేజ్‌కి ఫోన్లో జవాబివ్వడం నా వల్ల కాదు, అందుకే కాగితం తీశాను. ఇక్కడ ఎండలు దంచేస్తున్నాయి. సెలవులు కదా, ఎక్కడ చూసినా యాత్రికులే, ఒక్క ఆటో దొరకడం లేదు. మా అమ్మ నిన్ను అడిగింది. "వాడు చర్చికి పోతా ఉండాడా?" అని కూడా అడిగింది. నేను మాట మార్చేశాను.

నిన్ను దేవుడికి దూరం చేస్తున్నవంటూ నువ్వు రాసిన లిస్టు చూస్తే నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది. రీల్స్, ఆదివారం కూడా ఆఫీసు కాల్స్, ఇంటి లోను టెన్షన్, బైబిలు తెరిస్తే మూడు వచనాలకే నిద్ర. వీటి మధ్యలో ఏమీ ఎరగనట్టు ఒక మూలన క్రికెట్ బెట్టింగ్! అన్నిటినీ ఒకే గాటన కట్టేసి "నేను పనికిరానురా" అని ముగించావు.

బైబిల్లో హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం మొదటి వచనం మనం సండే స్కూల్లో బహుమతి కోసం గడగడా అప్పజెప్పిందే కదా. "ప్రతిభారమును, సుళువుగా చిక్కులబెట్టు పాపమును" విడిచిపెట్టమని రెండూ విడివిడిగానే ఉన్నాయి. భారమైన ప్రతిదీ తప్పు కానక్కర్లేదు. మన అలిపిరి దగ్గర చూడు. 3,550 మెట్లు ఎక్కబోయేవాళ్లు సంచులన్నీ లగేజీ కౌంటర్లో ఇచ్చేసి వట్టి చేతులతో బయల్దేరతారు. ఆ సంచుల్లో దొంగసొత్తేమీ ఉండదు. దుప్పటి, సబ్బు, పిల్లల బట్టలు. అయినా మోసుకుంటూ అంత దూరం ఎక్కలేరు.

మా సంఘంలో చీటీలు వేసే ఆంటీ గుర్తుందా, క్రిస్మస్‌కి అందరికీ కజ్జికాయలు పంచేది? ఎన్నో ఏళ్లుగా చీటీ నడిపింది, ఒక్క రూపాయి తేడా రానిచ్చేది కాదు. పోయినేడాది ఉన్నట్టుండి ఆపేసింది. ఎవరో ఎగ్గొట్టారేమో అనుకున్నాం. అడిగితే ఏమందో తెలుసా? "అయ్యగారు ప్రసంగం చెప్తా ఉంటే నేను తల వంచుకోని ఉంటా నాయనా, చూసేవాళ్లకు అది ప్రార్థనే. లోపల మాత్రం ముందు వరసలో ఎవురిచ్చినారు, ఎవురియ్యలేదు, ఈ నెల పాట ఎవురిది అని లెక్క. రొట్టె, ద్రాక్షరసం తీసుకోను ప్రభువు బల్ల దగ్గరికి పోయేటప్పుడు కూడా అదే లెక్క." చీటీ పాపమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పక్కింటావిడకు అదే చీటీ ఏ అడ్డమూ కాకపోవచ్చు. అందుకే ఈ విషయంలో ఒకరి లిస్టు ఇంకొకరికి పనికిరాదని నా అభిప్రాయం.

వేలూరు సంగతే తీసుకో. మన చిత్తూరోళ్లం పెద్ద జబ్బేదైనా వస్తే నేరుగా వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోతాం గానీ, ఆ ఆసుపత్రి పెట్టినావిడ గురించి ఎప్పుడన్నా ఆలోచించామా? ఐడా స్కడర్ మిషనరీల ఇంట్లోనే పుట్టింది, కానీ తను మిషనరీ కావాలని లేదు. జబ్బుపడ్డ తల్లిని చూసుకోవడానికి వచ్చింది, తిరిగి అమెరికా పోయి హాయిగా బతకాలనుకుంది. ఒకే రాత్రి ముగ్గురు, ఒకరి తర్వాత ఒకరు, కాన్పు కష్టమైన భార్యల కోసం వచ్చి తలుపు తట్టారు. మగ డాక్టరు కాబట్టి ఆమె తండ్రిని లోపలికి రానివ్వం అన్నారు. ఆమెకేమో వైద్యం రాదు. ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. అమెరికాలో సుఖంగా బతకడం పాపమని ఎక్కడా లేదు మచ్చా. ఆమె దాన్ని పక్కన పెట్టింది. డాక్టరు చదివి 1900లో తిరిగొచ్చింది, 1918లో ఆడపిల్లలకు వైద్య విద్య మొదలుపెట్టింది, 1960లో కన్నుమూసేదాకా ఈ దేశాన్నే అంటిపెట్టుకుంది. అందరూ ఆ ఒక్క రాత్రి గురించే చెప్తారు. నాకైతే ఆ తర్వాతి అరవై ఏళ్లే కష్టమనిపిస్తుంది.

ఇక బెట్టింగ్. దాన్ని ఈ లెక్కలో కలపొద్దు. ఇది కౌంటర్లో ఇచ్చి తర్వాత టోకెన్ చూపించి తెచ్చుకునే సంచి కాదు. ఐపీఎల్ అయిపోయాక మానేస్తానన్నావు. ఆ తర్వాత ఇంకో సిరీస్ ఉంటుంది రా! ఒక్క పూట కూటి కోసం ఏశావు జ్యేష్ఠత్వం అమ్ముకున్నాడని హెబ్రీ పత్రిక అదే 12వ అధ్యాయంలో ఉంది, నువ్వు ఒక్క ఓవర్ కోసం జీతం పెడుతున్నావు. ఆ టెలిగ్రామ్ గ్రూపులోంచి ఈ రాత్రే బయటికి రా. యాప్ తీసేస్తే చాలదు, రెండు నిమిషాల్లో మళ్లీ ఎక్కించుకుంటావు. జీతం పడే అకౌంటుకి యూపీఐ ఆపించు, ఏటీఎం కార్డు కొన్నాళ్లు మీ అక్క దగ్గర పెట్టు. అక్కకు చెప్పాలంటే సిగ్గంటావు. ఆ సిగ్గు చాటునే అది ఇన్నాళ్లూ బతికింది. పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమని యాకోబు రాసింది ఊరికే కాదు.

నిన్ను నువ్వు తిట్టుకోవడం మాత్రం ఆపు. ఆ హెబ్రీ పత్రిక అందుకున్నవాళ్లు మొదట్లో ఆస్తులు పోయినా సంతోషంగా ఓర్చుకున్నవాళ్లే, తర్వాత మెల్లగా అలిసిపోయారు. వాళ్లకు ధైర్యం చెప్పడానికి 11వ అధ్యాయంలో ఎవరి పేర్లు రాశాడో చూడు: రాహాబు, సమ్సోను, యెఫ్తా, దావీదు. అందరి బతుకుల్లోనూ తప్పులున్నాయి. మన చర్చి కమిటీకి పోటీ చేస్తే వీళ్లలో ఒక్కరూ గెలవరు! రోజంతా నీ తప్పులే తవ్వుకుంటూ కూర్చుంటే ఇంక యేసువైపు ఎప్పుడు చూస్తావు? పొద్దున లేవగానే ఫోన్ పట్టుకోకుండా సువార్తల్లో ఒక్క భాగం చదువు, మార్కుతో మొదలుపెట్టు, చిన్నది. నిద్రొస్తే నిలబడి చదువు.

ఇంకోటి, ఒక్కడివే రూములో యూట్యూబ్ ఆరాధన చూసి సరిపెట్టుకోకు. దగ్గర్లో తెలుగు ఆరాధన ఎక్కడుందో కనుక్కో. లేకపోతే తమిళ ఆరాధనకే పో, చిత్తూరోడివి, తమిళం రాదంటే ఎవరు నమ్ముతారు?

వచ్చే శనివారం పొద్దున సప్తగిరి ఎక్స్‌ప్రెస్ రైలెక్కి వచ్చెయ్. అమ్మ రాగిసంగటి, నాటుకోడి పులుసు చేస్తానంది. ముందు అక్కకు ఫోన్ చెయ్, ఆ తర్వాతే నాకు.

నీ
మచ్చా