ప్రైస్ చేతిలో పిస్తోలు

ఒరేయ్ శీనూ,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విని ముందు కంగారుపడ్డాను. ఎవరికో ఏదో అయిందనుకున్నా. "సోప్ పోయాడ్రా" అన్నాక అర్థమైంది, నువ్వు మోడ్రన్ వార్‌ఫేర్ 3 వీడియో గేమ్‌లో సోప్ చనిపోయే ప్రాగ్ మిషన్ దాకా వచ్చేశావని. ఆ మిషన్ అయిపోయిన రోజు నేనూ కంట్రోలర్ కింద పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. కాబట్టి నీ బాధ నాకు తెలుసు. కానీ చివర్లో ఒక మాట అన్నావు చూడు, "ఆ మీసాలాయన వల్లే వాడు పోయాడు, ఇక ఈ గేమ్ ముట్టుకోను" అని, అది మాత్రం నాకు గుచ్చుకుంది. ఫోన్‌లో గబగబా చెప్తే సరిపోదనిపించి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టు.

ఆ మీసాలాయనని, అదే కెప్టెన్ ప్రైస్‌ని, మనం మొదటిసారి ఎక్కడ చూశామో గుర్తుందా? 2007లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ 4: మోడ్రన్ వార్‌ఫేర్, మొట్టమొదటి మిషన్. ఇంగ్లండ్‌లో క్రెడెన్‌హిల్, బ్రిటిష్ ప్రత్యేక దళం ఎస్ఏఎస్ స్థావరం. సోప్ అప్పుడే కొత్తగా చేరిన కుర్రాడు. ముందు ప్రైస్ దళంలోని గాజ్ వచ్చి తుపాకీ పట్టిస్తాడు, కత్తితో పుచ్చకాయ కోయిస్తాడు. తర్వాత చెక్క పలకలతో ఓడ లోపలిలా కట్టిన ట్రైనింగ్ గది. అక్కడ ప్రైస్ నిలబడి ఉంటాడు. సోప్ అనే పేరు వినగానే ఇదేం పేరు అంటాడు. నీలాంటి వాడు సెలక్షన్ ఎలా దాటాడని ముఖం మీదే అడుగుతాడు. గాజ్ రికార్డు 19 సెకన్లని చెప్పి, పో, పరిగెత్తు అంటాడు.

ఆ సెలక్షన్ మాట ఊరికే అనలేదు. నిజం ఎస్ఏఎస్‌లో చేరాలంటే వేల్స్‌లోని బ్రెకన్ బీకన్స్ కొండల్లో బరువైన సంచీ వీపున వేసుకుని ఒంటరిగా రోజుల తరబడి నడవాలి. పెన్ ఎ ఫాన్ అని 886 మీటర్ల కొండ ఉంది. దాన్ని ఎక్కి అవతలికి దిగి, మళ్లీ అదే కొండ ఎక్కి వెనక్కి రావాలి, మొత్తం దాదాపు 24 కిలోమీటర్లు. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ కొండలు దాటొచ్చిన మనిషి ఇంకో మనిషిని చూసి అడిగే ప్రశ్న అది. మొదటిసారి ఆడినప్పుడు నాకది అవమానంలా అనిపించింది. ఇప్పుడైతే ఆయన సోప్‌ని కొలుస్తున్నాడని అర్థమవుతోంది. తన వెనక నడవబోయేవాడు ఎంతవరకు తట్టుకోగలడో తెలుసుకోవాలి కదా.

ఆ వెంటనే వచ్చేది ఓడ మిషన్. బేరింగ్ జలసంధి దగ్గర, వాన, ఓడ మునిగిపోతోంది. నడవాలు పక్కకి ఒరిగిపోతూ ఉంటే లోపలి నుంచి పరిగెత్తుకొచ్చి, గాల్లో ఉన్న హెలికాప్టర్ తలుపు మీదకి దూకుతాం. కాలు జారుతుంది. కింద నల్లటి నీళ్లు. సరిగ్గా అప్పుడే ఒక చెయ్యి వచ్చి మన చేతిని పట్టుకుంటుంది. అది ప్రైస్ చెయ్యి. పొద్దున పేరు విని ఎగతాళి చేసిన మనిషే.

ఆ చెయ్యిని గుర్తుపెట్టుకో. 2009లో వచ్చిన రెండో గేమ్‌లో మంచు కొండ ఎక్కే మిషన్ ఉంది కదా. అప్పటికి సోప్ కెప్టెన్ అయిపోయాడు. మనం రోచ్ అనే సైనికుడిగా ఆయన వెనక ఉంటాం. ఒక చోట మంచు అంచు మీద నుంచి అవతలి గోడకి దూకాలి. రోచ్ పట్టు తప్పి జారిపోతాడు. సోప్ వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకుంటాడు. నాకు రెండోసారి ఆడినప్పుడు తట్టింది, ఇది ఓడ మీద చూసిన పట్టే అని. ప్రైస్ దగ్గర నేర్చుకున్న దాన్ని సోప్ ఇంకో కుర్రాడికి ఇస్తున్నాడు. ఎవరూ ఒక్క డైలాగ్ కూడా చెప్పరు దాని గురించి. అందుకే అంత నచ్చింది.

ఇప్పుడు మొదటి గేమ్‌లోని ప్రిప్యాట్ మిషన్ గురించి రాయాలి. నాకు ఈ సిరీస్ మొత్తంలో అదే ప్రాణం. ప్రైస్ అంటే ఎవరో తెలిసేది అక్కడే.

కథ పదిహేనేళ్లు వెనక్కి, 1996కి పోతుంది. తెర మీద లెఫ్టినెంట్ ప్రైస్ అని పడుతుంది. అంటే ఆయనగా ఆడేది మనమే. కానీ ముందు నడిచేది కెప్టెన్ మాక్‌మిలన్. ఇక్కడ ప్రైసే చిన్నవాడు. మాక్‌మిలన్ ఆగమంటే ఆగుతాడు, పడుకోమంటే పడుకుంటాడు. మనం ఇన్ని గంటలు ఎవరి వెనకైతే నడిచామో ఆ మనిషి కూడా ఒకప్పుడు ఇంకొకరి వీపు చూస్తూ నడిచినవాడే. మొదటి గేమ్ మొత్తంలో ప్రైస్‌గా ఆడే అవకాశం ఆ కథలోనే వస్తుంది, అప్పుడు కూడా మనల్ని ముందు నిలబెట్టరు. ఈ గేమ్ రాసినవాళ్ల మీద నాకు గౌరవం పుట్టింది అక్కడే.

గడ్డి మైదానం గుర్తుందా? ఒళ్లంతా గడ్డి పోచలు కుట్టిన సూట్. నేల మీద బోర్లా పడుకున్నాం. ఎదురుగా సైనికుల వరుస వస్తోంది, వెనక బండ్లు. నేను మొదటిసారి భయపడి పక్కకి పాకాను, వెంటనే పట్టుబడి చచ్చాను. రెండోసారి కదలకుండా ఉండిపోయా. బూట్లు ముఖానికి జానెడు దూరంలో నుంచి వెళ్లాయి. గడ్డి కదులుతున్న చప్పుడు, హెడ్‌ఫోన్స్‌లో మాక్‌మిలన్ గుసగుస, అంతే. నేను ఊపిరి బిగబట్టానని ఆ వరుస దాటిపోయాకే తెలిసింది. తుపాకీ గేమ్‌లో తుపాకీ పేల్చకుండా ఉండటం కోసం అంత టెన్షన్ పడటం నాకు అదే మొదలు.

ఆ ఊరు కల్పన కాదురా. ప్రిప్యాట్‌ని 1970లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసేవాళ్ల కోసం కట్టారు. 1986 ఏప్రిల్ 26న రియాక్టర్ పేలింది. మర్నాడు మధ్యాహ్నం బస్సులు తెచ్చి దాదాపు 49 వేల మందిని తరలించారు. కొద్ది రోజుల్లో వచ్చేస్తారని చెప్పడంతో జనం చేతికందినవి పట్టుకుని ఎక్కారు. ఎవరూ తిరిగి రాలేదు. ఆ పసుపు రంగు బుట్టల జెయింట్ వీల్ ఉంది చూడు, ఆ పార్కుని మే 1న తెరవాలనుకున్నారట. పిల్లలు ఎక్కాల్సిన చక్రం కింద మనం మైన్లు పాతుకుని కాపలా కాస్తాం. అది తెలిశాక ఆ మిషన్ ఆడటం నాకు ఇంకోలా అనిపించింది. ఖాళీ ఈతకొలను పక్క నుంచి వెళ్లేటప్పుడు ఇప్పటికీ నెమ్మదిగా నడుస్తాను.

ఆ తర్వాత హోటల్ పై అంతస్తు నుంచి ఆ గేమ్ విలన్ జకాయెవ్ మీద ఒకే ఒక్క గుండు. గాలి ఎటు వీస్తోందో దూరంలో ఉన్న జెండా చూసి లెక్కగట్టాలి. భూమి తిరగడం వల్ల గుండు పక్కకి పోతుందని కూడా మాక్‌మిలన్ గుర్తుచేస్తాడు. గుండు తగులుతుంది, జకాయెవ్ చెయ్యి పోతుంది, ప్రాణం మాత్రం పోదు. పారిపోయేటప్పుడు మనం కూల్చిన హెలికాప్టర్ దొర్లుకుంటూ వచ్చి మాక్‌మిలన్ కాలు విరగ్గొడుతుంది. ఇక అక్కడి నుంచి ఆయన్ని భుజాన వేసుకుని మోయాలి. శత్రువు కనబడితే దింపాలి, కాల్చాలి, మళ్లీ ఎత్తుకోవాలి. నాకు విసుగొచ్చింది, నిజం. పది అడుగులు వేస్తే చాలు, ఇంకో గుంపు. కానీ వదిలేసి పోయే దారే లేదు, గేమ్ ఒప్పుకోదు. ప్రైస్ కూడా ఒప్పుకోడు.

ఇప్పుడు పిస్తోలు సంగతి. మొదటి గేమ్ చివర వంతెన. అందరూ పడిపోయారు. జకాయెవ్ నడుచుకుంటూ వచ్చి మన కళ్ల ముందే గాజ్‌ని కాల్చేశాడు. సోప్ కదలలేడు. ఆకాశంలో మన పక్షం హెలికాప్టర్ కనిపించి వాళ్లు అటు తిరిగారు. ఆ రెండు క్షణాల్లో, రక్తం కారుతూ పడి ఉన్న ప్రైస్ తన పిస్తోలు నేల మీద జార్చి మన చేతికి అందిస్తాడు. ఎం1911 అది. జాన్ బ్రౌనింగ్ తయారుచేసిన తుపాకీ, 1911లో అమెరికా సైన్యం తీసుకుంది కాబట్టి ఆ పేరు. తనని తాను కాపాడుకోవడానికి మిగిలింది అదొక్కటే. దాన్ని కుర్రాడికి ఇచ్చేశాడు. సెలక్షన్ ఎలా దాటావురా అని అడిగిన కుర్రాడికే. ఆ తర్వాత డాక్టర్ ఒకాయన ప్రైస్ గుండె మీద చేతులు పెట్టి నొక్కుతూ ఉంటే, మనల్ని హెలికాప్టర్‌లోకి లాగుతారు. బతికాడో లేదో చెప్పకుండానే తెర మూసేశారు. రెండేళ్లు ఎదురుచూశాం.

రెండో గేమ్‌లో గులాగ్ జైలు బద్దలుకొట్టి ఖైదీ నంబర్ 627ని బయటికి తెస్తే, అది ప్రైస్. సోప్ ఏం చేశాడు? అదే పిస్తోలు తీసి, ఇది మీదే సర్ అని చేతిలో పెట్టాడు. అన్నేళ్లూ దాన్ని దాచుకున్నాడురా. చుట్టూ గోడలు కూలుతున్నాయి, పైనుంచి బాంబులు పడుతున్నాయి, అప్పుడు కూడా ఆ ఇవ్వడం ఆపలేదు.

నువ్వు ప్రైస్‌ని తప్పుపట్టడంలో న్యాయం అసలే లేదని నేను అనను. ఆయన దేవుడేం కాదు. మొదటి గేమ్‌లో పట్టుబడ్డ శత్రు నాయకుడు అల్ అసద్‌ని కుర్చీకి కట్టేసి కొట్టి కాల్చెయ్యడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రెండో గేమ్‌లో జలాంతర్గామి ఎక్కి, ఎవరి అనుమతీ లేకుండా అణు క్షిపణి వదిలేశాడు. వాషింగ్టన్ మీద దాడి ఆపడానికే కావచ్చు, ఆకాశంలోనే పేలి ఉండొచ్చు, అయినా ఒక మనిషి ఒంటరిగా తీసుకోవాల్సిన నిర్ణయమా అది? జైల్లో ఉన్న రోజులు ఆయనలో ఏదో మార్చాయి. ఆ కోపం సోప్‌ని కూడా వెంట లాక్కెళ్లిందన్న మాట నిజమే. సోప్ గుండెల్లో, మనల్ని మోసం చేసిన జనరల్ షెపర్డ్ దింపిన కత్తి గాయం మూడో గేమ్ దాకా మానలేదు, నువ్వే చూశావు.

కానీ సోప్ ఆ దారిలోకి బలవంతంగా వెళ్లలేదు కదరా. తన ఛాతీలో దిగిన కత్తిని తనే పీకి షెపర్డ్ మీదకి విసిరినప్పుడు, కింద పడి దెబ్బలు తింటున్నది ప్రైస్. ఆ కత్తి పీకడానికి బటన్‌ని వేళ్లు నొప్పెట్టేదాకా నొక్కింది మనమే. వంతెన మీద ప్రైస్ సోప్‌కి ఇచ్చిన దాన్ని, అక్కడ సోప్ తిరిగి ఇచ్చాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, నీకు తెలియకపోవచ్చు. 2003లో వచ్చిన మొట్టమొదటి కాల్ ఆఫ్ డ్యూటీలోనే ఒక కెప్టెన్ ప్రైస్ ఉన్నాడు. రెండో ప్రపంచయుద్ధం, బ్రిటిష్ సైన్యం, అవే మీసాలు. టిర్పిట్జ్ అనే జర్మన్ యుద్ధనౌక మీద చనిపోతాడు. కాలం వేరు, యుద్ధం వేరు, పేరూ మీసాలూ మాత్రం అవే. 2019లో కథని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టినప్పుడు బారీ స్లోన్ అనే నటుడు ప్రైస్ అయ్యాడు, బాగా చేశాడు. నాకు మాత్రం పాత సిరీస్‌లో బిల్లీ మరే గొంతే ప్రైస్ గొంతు. కొత్త సిరీస్‌లో 2022 గేమ్ దొరికితే ఆడు. గాయపడ్డ సోప్ చీకట్లో ఒంటరిగా వీధులు దాటుతుంటే, రేడియోలో తోటి సైనికుడు ఘోస్ట్ పిచ్చి జోకులు చెప్తూ వాడిని నడిపించే మిషన్ ఒకటుంది. నీకు నచ్చుతుంది.

సరే, ప్రాగ్. గోపురం మీద నుంచి పడిన తర్వాత సోప్‌ని మోసింది ఎవరు? ప్రైస్. వాళ్లతో ఉన్న యూరీ అనే సైనికుడిగా మనం తుపాకీ పట్టుకుని కాపలా కాస్తూ పక్కన నడిచాం. ప్రిప్యాట్‌లో మాక్‌మిలన్‌ని మోసిన భుజమే అది. అప్పుడు మోసిన మనిషి బతికాడు. ఈ మూడో గేమ్‌లోనే ప్రైస్ రేడియోలో సాయం అడిగేది ఆ మాక్‌మిలన్‌నే, నువ్వు ఆ గొంతు విన్నావు కూడా. అందుకే ప్రైస్ ఆ రోజు సోప్‌ని అంత మొండిగా లాక్కెళ్లాడని నాకనిపిస్తుంది. ఒకసారి సాధ్యమైంది కాబట్టి మళ్లీ సాధ్యమవుతుందని నమ్మాడు. బల్ల మీద పడుకోబెట్టాక కూడా నమ్మాడు. ఆయన గొంతు అలా పగిలిపోవడం అంతకుముందు ఎప్పుడైనా విన్నామా మనం?

నువ్వు అప్పటికే ఏడుస్తూ ఉండి ఉంటావు, అందుకే ఒకటి చూసి ఉండవు. వెళ్లిపోయే ముందు ప్రైస్ సోప్ ఛాతీ మీద ఏదో పెడతాడు. అది ఆ ఎం1911. వంతెన మీద జార్చి ఇచ్చింది, గులాగ్‌లో తిరిగి తీసుకుంది. ఈసారి వాడి దగ్గరే వదిలేశాడు.

గేమ్ డిలీట్ చెయ్యకు. కథ ఇంకా మిగిలి ఉంది, అందులో ఏముందో నేను చెప్పను. చివరి మిషన్‌లో ఎవరిగా ఆడతావో కూడా చెప్పను, తెర మీద ఆ పేరు పడినప్పుడు నువ్వే చూడాలి. ముందు మాత్రం మొదటి గేమ్ పెట్టి, మిషన్ల జాబితాలోంచి ప్రిప్యాట్ తెరిచి ఒకసారి ఆడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకో, లైటు తీసెయ్. గడ్డిలో పడుకున్నప్పుడు ఏ బటనూ ముట్టుకోకు. మాక్‌మిలన్‌ని భుజానికెత్తుకున్నాక, తొందరపడకుండా జెయింట్ వీల్ దాకా మొయ్యి. అది అయ్యాక ప్రాగ్‌కి వెళ్లి ఆ బల్ల దగ్గర ప్రైస్ చేతులు చూడు. అప్పటికి ఎంత రాత్రయినా సరే ఫోన్ చెయ్, మెలకువగానే ఉంటాను.

నీ
రఘు