థైలేరియా టీకాను ఊరి శిబిరాలకు తేవాలి

సంపాదకులకు నమస్కారం.

వానలు పడి పిడుదులు పెరిగాయంటే మా చిత్తూరు జిల్లా పాడి రైతులకు, పిడుదులు కుట్టడం వల్ల పశువులకు సోకే థైలేరియా జబ్బు దిగులు పట్టుకుంటుంది. నిన్నటిదాకా బకెట్ నిండా పాలిచ్చిన జెర్సీ సంకరజాతి ఆవు ఉన్నట్టుండి మేత ముట్టదు. జ్వరం 105 డిగ్రీలు దాటుతుంది. భుజం ముందున్న గ్రంథి నిమ్మకాయంత ఉబ్బి చేతికి తగులుతుంది. కనురెప్ప తిప్పి చూస్తే లోపలి పొర తెల్లగా పాలిపోయి ఉంటుంది. రక్తం అంతగా తగ్గిపోయాక బుపార్వాక్వోన్ సూది వేయించినా ఆవు దక్కుతుందన్న భరోసా లేదు. ఆ మందు ఖరీదు కూడా ఎక్కువే.

నాటు పశువులు ఈ జబ్బును చాలావరకు తట్టుకుంటాయి. కూలబడేది జెర్సీ, హోల్‌స్టీన్ రక్తం కలిసినవే. ఆ రక్తాన్ని మా కొట్టాల్లోకి తెచ్చింది ప్రభుత్వ కృత్రిమ గర్భధారణ పథకాలే. పాల కోసం వీర్యాన్ని ఊరూరా చేర్చిన పశుసంవర్ధక శాఖకు, పుట్టిన దూడను కాపాడే టీకాను చేర్చే బాధ్యత లేదా?

టీకా లేదా అంటే ఉంది. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ ‘రక్షావ్యాక్-టి’ని ఎప్పుడో మార్కెట్‌లోకి తెచ్చింది. రెండు నెలలు దాటిన సంకరజాతి దూడలకు వేయవచ్చు. కానీ మా ఊరి శిబిరాల్లో దాన్ని ఎన్నడూ చూడలేదు. అడిగితే, గడ్డకట్టించే చల్లని ద్రవ నత్రజనిలో నిల్వ చేయాలి, కష్టమంటారు. వీర్యం స్ట్రాలు ఉండేదీ ద్రవ నత్రజనిలోనే కదా! ఆ క్యానులు పల్లెల దాకా వస్తూనే ఉన్నాయి. కరిగించిన టీకాను వెంటనే వాడేయాలి కాబట్టి ఒక్క ఆవున్న రైతు విడిగా తెప్పించుకోవడం కుదరని పని. పశువులన్నిటినీ ఒకచోట చేర్చి వేయాల్సిందే.

2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గాలికుంటుకు, పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా జబ్బుకు టీకాలు ఉచితంగా వేస్తున్నారు. పశువుల చెవులకు ట్యాగులున్నాయి, సిబ్బందికి ఏ ఇంట్లో ఏ జాతి ఆవు ఉందో తెలుసు. సంకరజాతి పశువుల వరకైనా థైలేరియా టీకాను ఆ ఉచిత జాబితాలో చేర్చి, పిడుదులు పెరిగే కాలానికి ముందే వేయాలి. టీకా వేసినంత మాత్రాన పిడుదులు పోవు. గోడల పగుళ్లు పూడ్చడం, కొట్టానికి సున్నం కొట్టడం, పిడుదుల మందు పిచికారీ చేయడం మా వంతు. పశుసంవర్ధక శాఖ వచ్చే వేసవిలోగా మా జిల్లాలోనైనా ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– ఒక పాడి రైతు, చిత్తూరు జిల్లా